ఓడ కదలకముందే ఆ విమానం బొమ్మ నొక్కు

ఒరేయ్ సూరీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా అయింది, చిన్నది బడికి పోతోంది, ఇంటి రంగులు ఇంకా సగంలోనే ఉన్నాయి. మిగతా కబుర్లు తర్వాత. నువ్వు ఓడ ప్రయాణానికి వెళ్తున్నానని రాసిన ఉత్తరంలో ఆ ఒక్క ముక్క చదివిన దగ్గర్నుంచీ చెయ్యి ఊరుకోవట్లేదు. "రోజువారీ రోమింగ్ ప్యాక్ వేయించుకున్నా, ఇక ఫోను బెంగ లేదు" అన్నావే, అదీ!

ఆ ప్యాక్ నేల మీది టవర్లకేరా బాబూ. నడిసముద్రంలో దాన్ని నమ్ముకుంటే బిల్లు వాచిపోతుంది.

నడిసముద్రంలో టవరెక్కడిది అంటావు. ఓడే మోసుకెళ్తుంది. నడవాల్లో సీలింగులకి చిన్న చిన్న యాంటెన్నాలుంటాయి. నీ కాల్ వాటిల్లోంచి పై డెక్కు మీదున్న తెల్లటి గుమ్మటాల్లోకి, అక్కణ్ణుంచి ఉపగ్రహానికి, అక్కణ్ణుంచి ఒడ్డుకి వెళ్తుంది. ఈ నెట్‌వర్కు ఏ దేశపు కంపెనీదీ కాదు. ఫోను తెర మీద "సెల్యులార్ ఎట్ సీ" అనో, "టెలినార్ మారిటైమ్" అనో, ఒక్కోసారి ఉత్తినే "901 18" అనో కనబడుతుంది. 901 ఏ దేశానికీ చెందని కోడ్. అందుకే నీ ప్యాక్‌లో ఉన్న దేశాల పట్టికలో అది ఉండదు. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు సిమ్ పక్క దేశంలోనూ ఇంటి రేటుకే పనిచేస్తుందని గొప్పగా చెబుతారు చూడు, ఆ నియమం కూడా ఉపగ్రహం మీద నడిచే ఈ ఓడ నెట్‌వర్కులకి వర్తించదు. నిమిషానికింత, ఎంబీకింత అని కొడతారు. పైగా ఆ లెక్కలు ఓడ కంపెనీ నుంచి మీ ఫోను కంపెనీకి చేరేసరికి రోజులు పడుతుంది కాబట్టి, బిల్లు ఎప్పుడో ఇంటికొచ్చాక తగులుతుంది.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, రేవు వదిలే గంటలో. ఒడ్డు దగ్గర ఓడ తన టవర్లు ఆపెయ్యాలి. సాధారణంగా 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా. యూరప్ జలాల్లో కొన్ని షరతులతో ఇంకా దగ్గరగా కూడా వాడనిస్తారు, 2 మైళ్ల లోపు మాత్రం ఆపాల్సిందే. నువ్వు డెక్కు మీద నిలబడి ఫొటోలు తీస్తుంటావు. ఒడ్డు సిగ్నల్ పలచబడుతుంది, ఓడ టవరు లేస్తుంది, ఫోను నిన్నడక్కుండా దానికి తగులుకుంటుంది. నీ చేతిలో మెసేజ్ ఒక్కటీ కదలదు గానీ, జేబులో ఫొటోల బ్యాకప్ మొదలైపోతుంది. "తర్వాత చూద్దాంలే" అని నువ్వనే మాట ఇక్కడ చెల్లదు, ముందే చెబుతున్నా!

కాబట్టి ఓడ తాళ్లు విప్పకముందే ఏరోప్లేన్ మోడ్ వెయ్యి, అదే ఫోన్లో విమానం బొమ్మ. ఆ తర్వాత వైఫై ఒక్కటీ విడిగా ఆన్ చెయ్యి. వరస మార్చకు, ముందు వైఫై వేసి తర్వాత ఏరోప్లేన్ మోడ్ వేస్తే కొన్ని ఫోన్లు వైఫైని కూడా ఆర్పేస్తాయి. జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, అది ఉపగ్రహాల నుంచి వినడమే తప్ప దేనికీ పంపదు. మ్యాపులు మాత్రం ఇంట్లోనే దించుకో.

డేటా రోమింగ్ ఆపితే చాలదా అంటావు, తెలుసు. చాలదు. అది డేటాని ఆపుతుంది గానీ కాల్స్‌ని, ఎస్సెమ్మెస్‌లని ఆపదు. ఓడ టవరు మీద ఫోను మోగి నువ్వు ఎత్తలేదనుకో, ఆ కాల్ ఓడ దాకా వచ్చి, మళ్లీ ఇంటి దగ్గరి వాయిస్‌మెయిల్‌కి, అంటే మాట రికార్డు చేసుకునే చోటికి, తిరిగి వెళ్తుంది. రాకకి ఒకటి, పోకకి ఒకటి, నువ్వు ఒక్క మాటా మాట్లాడకుండానే రెండు చార్జీలు! ఏరోప్లేన్ మోడ్‌లో ఉంటే ఆ కాల్ నీ దాకా రాదు, ఇంటి దగ్గరే వాయిస్‌మెయిల్‌కి పోతుంది. బయల్దేరేముందు ##002# డయల్ చేస్తే చాలా నెట్‌వర్కుల్లో ఇలా వాయిస్‌మెయిల్‌కి మళ్లించే కాల్ ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి, అది కూడా చేసెయ్.

బ్యాంకు ఓటీపీల సంగతి వేరే తలనొప్పి. ఏరోప్లేన్ మోడ్‌లో మామూలు ఎస్సెమ్మెస్ రాదు. మీ ఫోను కంపెనీ వైఫై కాలింగ్, అంటే టవరు లేకుండా వైఫై మీదుగానే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు, ఇస్తే దాన్ని ఇంట్లోనే ఆన్ చేసి పరీక్షించుకో, కొన్ని కంపెనీలు విదేశాల్లో దాన్ని అనుమతించవు, కొన్ని ఓడల వైఫైలు అడ్డుకుంటాయి. వీలైతే ఓటీపీని యాప్‌లోకి మార్చుకుని వెళ్లు. అన్నిటికంటే అదే నయం.

వైఫై ప్యాక్ కొంటే "వైఫైయేగా" అని ఫోను రెచ్చిపోతుంది, అప్‌డేట్లూ వీడియోలూ అన్నీ లాగేస్తుంది. ఐఫోన్‌లో ఆ వైఫై పేరు పక్కన నొక్కి లో డేటా మోడ్, ఆండ్రాయిడ్‌లో అదే నెట్‌వర్కుని మీటర్డ్ (డేటా పొదుపుగా వాడాల్సినది) అని పెట్టు. ఒక్క పరికరానికే ప్యాక్ అయితే రెండో ఫోను కలిపేముందు మొదటిదాంట్లో లాగౌట్ చెయ్యాలి. లాగిన్ పేజీ తెరుచుకోకపోతే, ఫోన్లో వీపీఎన్ (నెట్‌ని వేరే దారిలో మళ్లించే యాప్) ఉంటే ఆపి చూడు. ఓడ వాళ్ల సొంత యాప్‌కి మాత్రం సాధారణంగా ప్యాక్ అక్కర్లేదు. వేగం ఇప్పుడు మెరుగే. పాత ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, మాట వెళ్లి రావడానికే అర సెకను పైన పడుతుంది. స్టార్‌లింక్ అనే కొత్త ఇంటర్నెట్ ఉపగ్రహాలు 500 కిలోమీటర్ల చుట్టుపక్కల ఎత్తునే తిరుగుతాయి, అందుకే జవాబు త్వరగా వస్తుంది. రాయల్ కరీబియన్ అనే ఓడల కంపెనీ 2022లోనే వాటికి మారతామని ప్రకటించింది. నీ ఓడలో ఏదుందో టికెట్టిచ్చినవాళ్లనే అడుగు.

రేవులో దిగాక ఏరోప్లేన్ మోడ్ తియ్యి, ఈసిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా నెట్ ద్వారా ఫోన్లోకి దించుకునే సిమ్) వాడుకో. ఇంటర్నెట్ ఉండగానే, అంటే ఇంట్లోనే, ఎక్కించుకో. ఇంటి సిమ్‌కి డేటా రోమింగ్ ఆపి, డేటాకి ఈసిమ్ ఎంచుకో. రెండు సిమ్‌ల మధ్య డేటా తనంతట తాను మారే సెట్టింగ్ ఉంటే అదీ ఆపు. వాట్సాప్ "నంబరు మార్చాలా" అనడిగితే వద్దను, నమస్కారం పెట్టి మరీ వద్దను. గ్రీసులోని కోస్, రోడ్స్ దీవులకి వెళ్తున్నావుగా, అక్కణ్ణుంచి టర్కీ తీరం కళ్లకి కనబడుతుంది, టర్కీ టవర్లు ఫోన్‌కి తగులుతాయి. కొన్ని యూరప్ ప్యాకుల్లో టర్కీ ఉండదు. నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేసి గ్రీసు కంపెనీని చేత్తో ఎంచుకో.

అయ్యో, గడియారం! ఇది ముఖ్యం. రేవు టవరు తగలగానే ఫోను ఆ దేశపు టైముకి మారిపోతుంది, ఓడ మాత్రం తన టైములోనే ఉండొచ్చు. ఇటలీకీ గ్రీసుకీ గంట తేడా. ఓడ గ్రీసు టైములో ఉండి, ఇటలీ రేవులో నీ ఫోను వెనక్కి జరిగిందనుకో, ఇంకా గంటుందని నువ్వు కాఫీ తాగుతుంటే ఓడ వెళ్లిపోతుంది. ఆటోమేటిక్ టైము ఆపేసి, దిగేముందు గేటు దగ్గర రాసిన ఓడ టైము చూసి పెట్టుకో. చేతి గడియారమైతే ఇంకా మేలు, నీ ఆ నీలం బెల్టుది ఇంకా బతికే ఉందా?

చార్జర్ గురించి కూడా చెప్పాలి, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే కాపాడేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఓడలోకి తీసుకెళ్లకు, చాలా ఓడల్లో గేటు దగ్గరే తీసేసుకుంటారు, ఎందుకంటే... కింద హారన్ కొడుతున్నారు, వెళ్లాలి.

ఉంటానురా,
నీ బాచి