రహస్యాలన్నీ ఒక్కటి కావు

సంపాదకులు గారికి,

నమస్కారం. రెండు సంస్థల మధ్య కుదిరిన ఒప్పందంపై ఇటీవల మీ పత్రికలో వచ్చిన వార్తకు ‘లోపాయికారీ ఒప్పందం’ అని శీర్షిక పెట్టారు. తీరా వార్త చదివితే, ఒప్పందం జరిగిన సంగతిని ఇరుపక్షాలూ బాహాటంగానే ప్రకటించాయనీ, షరతులు మాత్రం ‘కాన్ఫిడెన్షియల్’ అన్నాయనీ తెలిసింది. నమ్మడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాట అది. రోగి వైద్యుడికి చెప్పుకున్నదీ, కక్షిదారు వకీలుకు చెప్పుకున్నదీ ఆ కోవలోకే వస్తాయి. దానికి ‘గోప్యం’ అనే చక్కని మాట మనకు ఉండగా లోపాయికారీ అనడం వల్ల, చదివేవారి దృష్టిలో ఆ రెండు సంస్థలూ విచారణ లేకుండానే దోషులయ్యాయి.

ఒప్పంద పత్రాలను తెలుగు చేయడమే నా వృత్తి కాబట్టి ఈ పొరపాటు నాకు కొత్త కాదు, నేనూ చేశాను. ఒకసారి అలాంటి షరతునే ‘ఈ విషయములు రహస్యముగా ఉంచవలెను’ అని రాస్తే, సంతకం పెట్టవలసిన పెద్దాయన కలం కింద పెట్టి, “దాచవలసినంత తప్పు ఇందులో ఏముంది బాబూ?” అని అడిగారు. ఆ వాక్యం కొట్టేసి ‘ఇరువురి అనుమతి లేనిదే మూడో వ్యక్తికి తెలుపరాదు’ అని రాసి చూపించాకే ఆయన సంతకం పెట్టారు.

ఇంగ్లీషులో దాపరికాన్ని చెప్పే ఈ మాటల కుటుంబం చాలా పెద్దది. అందులో ప్రతి మాటా ఏది దాగి ఉందో, ఎందుకు దాగి ఉందో కూడా చెబుతుంది. ‘క్లాండెస్టైన్’, ‘కోవర్ట్’ రెంటినీ మనం ‘రహస్య ఆపరేషన్’ అనే రాస్తాం. సైనిక పరిభాషలో మొదటిదాంట్లో దాచేది పనినే. రెండోదాంట్లో పని లోకానికి తెలిసినా, దాని వెనక ఉన్నదెవరో తెలియనివ్వరు. కనుక మొదటిది గుట్టుచప్పుడు కాకుండా చేసిన పని అయితే, రెండోది తెర వెనక ఉండి చేయించిన పని. ‘ఫర్టివ్’ లాటిన్‌లో దొంగ అనే మాట నుంచి వచ్చింది కాబట్టి మన ‘దొంగచూపు’, ‘దొంగచాటు’ దానికి అచ్చంగా సరిపోతాయి. ‘కనైవ్’ మూలంలో కళ్ళు మూసుకోవడం ఉంది. తప్పు చేస్తున్నవారిని చూసీ చూడనట్లు వదిలేసిన అధికారి గురించి ‘కుట్ర పన్నారు’ అని రాస్తే, ఆయన చేయని నేరాన్ని అంటగట్టి, చేసిన నేరాన్ని విడిచిపెట్టినట్లవుతుంది. చేతులు కలిపినవారికి లాలూచీ, కుమ్మక్కు అనే మాటలు వేరే ఉన్నాయి కదా!

నన్ను అన్నిటికన్నా బాధించేది మాత్రం ‘ఇన్ కెమెరా’ విచారణ. లాటిన్‌లో కెమెరా అంటే గది. ఫొటో తీసే యంత్రానికి ఆ పేరు ‘చీకటి గది’ అనే అర్థమున్న ‘కెమెరా అబ్‌స్క్యూరా’ నుంచి చాలా తర్వాత వచ్చింది. ఇన్ కెమెరా అంటే బయటివారిని రానివ్వకుండా, తలుపులు మూసి జరిపే విచారణ. దాన్ని ‘కెమెరా ముందు విచారణ’ అని రాసిన వార్తను నేను కళ్ళారా చూశాను. పదిమందిలో నోరు విప్పలేని బాధితురాలు నిర్భయంగా మాట్లాడడానికి కల్పించిన ఏర్పాటు, ఆ వార్తలో ఆమెను చిత్రీకరించే ఏర్పాటుగా మారింది. సాక్ష్యం చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్న మరో స్త్రీ ఆ వార్త చదివి ఉంటే ఏమనుకుని ఉండేదో ఊహించండి. ‘రహస్య విచారణ’ అన్నా న్యాయస్థానం ఏదో కప్పిపుచ్చుతోందన్న అనుమానం కలుగుతుంది. ‘ఆంతరంగిక విచారణ’ అనో, ‘మూసిన తలుపుల మధ్య విచారణ’ అనో రాయవచ్చు.

ఏజెన్సీల నుంచి ఇంగ్లీషులో వార్తలు వచ్చిపడుతుంటే, గడువులోపు తెలుగు చేయవలసిన మీ ఉపసంపాదకుల ఒత్తిడి నాకు తెలుసు. అయినా ఇలాంటి ఇరవై ముప్ఫై మాటలకు సరైన తెలుగు మాటలతో ఒక పట్టిక తయారు చేసి వారి బల్లలపై ఉంచవలసిందిగా కోరుతున్నాను. అవసరమైతే ఆ పనిలో నా వంతు సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను. లోపాయికారీ అన్న ఆ శీర్షికకు మీ పత్రికలో ఒక సవరణ కూడా వేయగలరు.

భవదీయుడు,
మీ పాఠకుడైన ఒక అనువాదకుడు