రాగిని ఇల్లు చేర్చిన వాళ్లందరికీ

బండి గుద్దితే కాలు విరిగి, ఇన్నాళ్లూ మా ఇంట్లో ఉన్న వీధి కుక్క రాగికి సొంత ఇల్లు దొరికింది. పెరంబూరు ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య దత్తత తీసుకున్నారు. సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. అప్పటి నుంచి "రాగి ఎలా ఉంది?" అని అడగని వాళ్లు లేరు. ఒక్కొక్కరికీ విడిగా రాస్తే ఎవరో ఒకరు మిగిలిపోతారు. పైగా మీలో చాలామందికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. దుప్పట్లు ఇచ్చిందెవరో రక్తం ఇచ్చిన వాళ్లకి తెలియదు, రక్తం ఎక్కించాల్సి వచ్చిందన్న సంగతే మా గోడ దగ్గర టపాసులు మానుకున్న పిల్లలకి తెలియదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు షెల్టర్ వాళ్లకి. పేరు రాయొద్దని వాళ్లే చెప్పారు. పేరు బయటికొచ్చిన ప్రతిసారీ మర్నాడు పొద్దున గేటు ముందు అట్టపెట్టెల్లో కుక్కపిల్లల్ని పెట్టి వెళ్లిపోతున్నారట. పల్లికరణై దగ్గర బండి గుద్దేసి పోతే రోడ్డు పక్కన పడివున్న రాగిని తెచ్చుకున్నది వాళ్లే. వెనక కాలి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేయించి ప్లేట్ వేయించారు, గర్భసంచి ఆపరేషన్, రేబిస్ టీకా కూడా చేయించారు. ఆ తర్వాత కాలు కుదురుకునేదాకా గెంతకూడదు, పరిగెత్తకూడదు. చుట్టూ అన్ని కుక్కలు మొరుగుతుంటే షెల్టర్‌లో అది కుదిరే పని కాదు. దానికి తోడు చెన్నైలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి వేళచ్చేరి, పల్లికరణై ఎలా మునిగాయో ఇక్కడున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. కెన్నెల్‌లో నేల తడిస్తే కుట్లు చీము పడతాయి. అందుకే ఏటా వానలకి ముందే ఆపరేషన్ అయినవాటికి, ముసలివాటికి ఫోస్టర్ ఇళ్లు, అంటే దత్తత కుదిరేదాకా ఉంచుకునే ఇళ్లు, వెతుక్కుంటారు. మా ఇల్లు అలా తగిలింది.

రాగిని తెచ్చి దించిన వాలంటీర్ చెల్లి ఒకే మాట చెప్పింది: "మూడు రోజులు దీన్ని పట్టించుకోకండక్కా." పలకరించొద్దు, నిమరొద్దు, ఫొటోలు తీయొద్దు. గిన్నె పెట్టి పక్కకి వెళ్లిపోవాలి. భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు అని వాళ్ల లెక్క. చుట్టాలింటికి వచ్చిన పిల్లాడి బుగ్గలు గిల్లందే ఊరుకోని జాతి మనది, మాకు అదెంత కష్టమో ఊహించుకోండి. రాగి వాషింగ్ మెషీన్ వెనక సందులో, కుట్లు నాకకుండా మొహం చుట్టూ కట్టే కోన్ పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చునేది. నాలుగో రోజు రాత్రి కోన్ అంచు గచ్చు మీద గీసుకుంటూ హాల్లోకి వచ్చిన చప్పుడు విని నేనూ మా ఆయనా మంచం మీద కదలకుండా పడుకున్నాం.

మా అసోసియేషన్ సెక్రటరీ గారికి ప్రత్యేకంగా రాయాలి. మాది మూడో ఫ్లోరు. కాలికి ప్లేట్ ఉన్న కుక్క మెట్లు దిగకూడదు, లిఫ్టే దిక్కు. లిఫ్టులో కుక్కేంటని ఒకాయన గొడవ పెట్టుకున్నారు, మీటింగ్ పెట్టి ఓటింగ్ చేద్దామన్నారు. ఓటేసినా సరే, అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని, లిఫ్టు వాడుకోవద్దని అనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. సెక్రటరీ గారు ఆ కాగితం ప్రింటు తీసి నోటీసు బోర్డుకి అంటించేశారు. ఆయనకి కుక్కలంటే ఏమంత ఇష్టం లేదు, రూల్ అంటే ఇష్టం. కింద కలిసినప్పుడు నాకో పాఠం కూడా చెప్పారు. ఆ బోర్డు 1962లో కళాక్షేత్ర నాట్య పాఠశాల పెట్టిన రుక్మిణీదేవి గారు అధ్యక్షురాలిగా మొదలైందట, ఆఫీసు కూడా ఏళ్ల తరబడి మన తిరువాన్మియూరులోనే, వాల్మీకి నగర్‌లోనే ఉండేదట. "మన పేటలో పుట్టిన రూల్‌ని మనమే పాటించకపోతే ఎలా అమ్మా?" అన్నారు. మేం దిగేటప్పుడు లిఫ్టు ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్లం, ఆయన మాట పోకూడదు కదా.

దీపావళికి మా బ్లాక్ పిల్లలు చేసింది పెద్దవాళ్లం ఎవరమూ అడిగింది కాదు. ఇక్కడ టపాసులకి పొద్దున ఆరు నుంచి ఏడు, రాత్రి ఏడు నుంచి ఎనిమిది అని ప్రభుత్వం టైం పెట్టింది కానీ, తెల్లవారుజామున మూడింటికే మొదలుపెట్టే ఊరిది. పిల్లలు తమంతట తామే మా వైపు గోడ దగ్గర కాల్చకుండా వీధికి ఆ చివరికి, బీచ్ వైపుకి వెళ్లారు. ఊరంతా మోగుతూనే ఉంది, రాగి బాత్రూంలోంచి బయటికి రాలేదు. అయినా కిటికీ కింద పేలకపోవడం వేరు. మీ అందరికీ ఐస్‌క్రీం బాకీ ఉన్నాను.

నవంబరులో అసలు పరీక్ష వచ్చింది. ముందు రోజు దాకా గిన్నె ఖాళీ అయ్యాక కూడా నాకుతూ కూర్చున్న పిల్ల, ఆ పొద్దున కోడి అన్నం వాసన చూసి మొహం తిప్పుకుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. మూత్రం డికాషన్ రంగులో ఉంది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో "వీధి కుక్కేగా, ఇంత ఖర్చు దేనికి?" అన్నారు. వాళ్లతో వాదించే టైం లేదు. బుక్ చేసిన ఆటోలు కుక్క అనగానే క్యాన్సిల్ కొడుతుంటే, మా వీధి స్టాండులో ఉండే ఆటో అన్న ఆ వానలో సీటు మీద తన రెయిన్‌కోటు పరిచి "ఎక్కించు తల్లీ" అన్నాడు. మీటరు గురించి ఎత్తలేదు, వేపేరి దాకా గుంతలన్నీ తప్పించుకుంటూ తీసుకెళ్లాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు కూడా.

వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి నేను వెళ్లడం అదే మొదలు. 1903 నాటి కాలేజీ. క్యూలో కుక్కలు, పిల్లులు, ఒక కుందేలు, పంజరంలో చిలక. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ, ఓపిక మాత్రం కావాలి. రక్తం చూసి బేబీసియా అన్నారు. పిడుదు కుట్టినప్పుడు ఒంట్లోకి దిగే పరాన్నజీవి అది, ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. మనం టిక్ ఫీవర్ అని ఒకే మాట అనేస్తాం కానీ అందులో రకాలున్నాయి, ఏ రకమో తేలితేగానీ మందు కుదరదు. షెల్టర్ నుంచి వచ్చేముందే ఎక్కడో కుట్టి ఉంటుందన్నారు. మామూలు కుక్కకి హీమోగ్లోబిన్ పన్నెండుకి పైన ఉండాలి, రాగికి నాలుగు దగ్గరికి పడిపోయింది. రక్తం ఎక్కించాలన్నారు.

కుక్కలకి రక్తం ఎవరిస్తారు? కుక్కలే ఇవ్వాలి. వాటికీ గ్రూపులున్నాయి, రెండింటి రక్తం కుదురుతుందో లేదో ముందు క్రాస్ మ్యాచింగ్ చేసి చూస్తారు. దాత ఆరోగ్యంగా, వయసులో ఉండాలి, పాతిక కిలోలకి పైన బరువుండాలి, టీకాలన్నీ పడి ఉండాలి. మీలో ఎవరు ఎవరికి పంపారో గానీ, నేను పెట్టిన మెసేజ్ గంటలో అడయార్ చేరింది. అక్కణ్నుంచి ఒకన్నయ్య ఆఫీసులో సెలవు చెప్పి తన లాబ్రడార్ బ్రూనోని కార్లో తెచ్చాడు. బ్రూనో బల్ల మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. మెడ కింద వెంట్రుకలు గొరిగి, అక్కడుండే పెద్ద రక్తనాళంలోంచి తీశారు. ఆ కాసేపూ వాడు వాళ్ల నాన్న బొటనవేలు నాకుతూ, తోకతో బల్ల మీద టపటపా కొడుతూనే ఉన్నాడు. అయిపోగానే లేచి డాక్టరమ్మ కోటు జేబులో బిస్కెట్లున్నాయేమోనని మూతి పెట్టి వెతికాడు. సంచీ లోంచి చుక్కా చుక్కా రాగి కాలికి ఎక్కుతుంటే ఆ డాక్టరమ్మ, చదువుకునే పిల్లే, పక్కన స్టూలేసుకుని మధ్యమధ్యలో గుండె వేగం చూసి చీటీ మీద రాసుకుంది. భోజనానికి కూడా లేవలేదు. చీకటి పడ్డాక చిగుళ్లకి కొంచెం రంగొచ్చింది.

అన్నయ్యా, ఆ రోజు మీకు సరిగా థాంక్స్ కూడా చెప్పలేకపోయాను, గొంతు పెగల్లేదు. అప్పటినుంచి రాగి అన్నం గిన్నె కనబడితే ఆగడం లేదు. బ్రూనో రక్తం ప్రభావమేనని మా ఆయన గట్టి నమ్మకం.

రెండో ఫ్లోరు బ్యాచిలర్ తమ్ముళ్లకి కూడా. పిడుదులు కుక్క ఒంటి మీద ఉండేది కొన్నాళ్లే, మిగతా కాలమంతా గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక దాక్కుంటాయి, గుడ్లు అక్కడే పెడతాయి. కుక్కకి మందేసి ఇల్లు వదిలేస్తే మళ్లీ మొదటికే. ఈ గుంటూరు పిల్లలు ఆదివారం క్రికెట్ మానుకుని వచ్చి మంచాలు, బీరువాలు జరిపి పగుళ్లన్నింట్లో వైట్ సిమెంట్ కూరి వెళ్లారు. నెల రోజుల తర్వాత తీసిన రక్త పరీక్ష బాగా వచ్చిందంటే అందులో వీళ్ల వాటా ఉంది.

ఇక మా అమ్మ. నెల్లూరు నుంచి వస్తూనే "నేను దాన్ని ముట్టుకోను" అంది. అన్నమాట నిలబెట్టుకుంది, వెళ్లేరోజు దాకా ముట్టుకోలేదు. కానీ కుక్కలకి ఉల్లి, వెల్లుల్లి పడవని, రక్తం ఇంకా పాడవుతుందని తెలిశాక, ఆ రెండూ లేని కోడి కూర ఆవిడ జీవితంలో మొదటిసారి వండింది. ఉప్పు లేదు, కారం లేదు, "ఏం కూరే ఇది" అని రోజూ తిట్టుకుంటూనే వండింది. మందుల లెక్కంతా గోడ మీది తెలుగు క్యాలెండర్లో రాసింది. చవితి గడిలో "మాత్ర ఏసినాం". అమావాస్య గడిలో "జరం లేదు". ఏకాదశి గడిలో, తాను ఉపవాసం ఉన్నరోజు, "కోడన్నం మొత్తం తినింది". ఆ క్యాలెండర్ పేజీలు ఫొటో తీసి పంపితే డాక్టరమ్మ ఇలాంటి కేస్ షీట్ తానెప్పుడూ చూడలేదంది.

ఇల్లు వెతకడం మందుకన్నా కష్టమైంది. ఎదిగిన ఇండీ, అంటే మన నాటు కుక్క, అనగానే చాలామంది ఫోను పెట్టేస్తారు. బ్రీడ్ ఏంటంటారు, చిన్న పిల్ల ఉంటే చెప్పండంటారు. పోస్టరుకి లైకులొచ్చాయి, ఇళ్లు రాలేదు. అయితే ఇక్కడ నేను గట్టిగా కృతజ్ఞతలు చెప్పాల్సింది కాదన్న వాళ్లకి. షోళింగనల్లూరు నుంచి వచ్చిన ఆ జంట రెండుసార్లు వచ్చి రాగితో నేల మీద కూర్చుని ఆడుకున్నారు. ఇంటికెళ్లి ఆలోచించుకుని, ఇద్దరివీ నైట్ షిఫ్టులు, మావల్ల కాదక్కా అని నేరుగా చెప్పారు. అది చెప్పడానికి వాళ్లెంత ఇబ్బంది పడ్డారో గొంతులో తెలిసింది. తీసుకెళ్లి నెలకి తిరిగిచ్చేస్తే దానికి మళ్లీ వాషింగ్ మెషీన్ సందే గతి. మీరు చేసింది చాలా పెద్ద సాయం, మొహమాటపడకుండా మా ఇంటికి భోజనానికి రండి.

దత్తత అడిగిన వాళ్ల ఇల్లు చూసొచ్చే హోమ్ చెక్ చేసిన షెల్టర్ చెల్లి ఒక ఇంటిని వద్దనేసింది. నాకు వాళ్లు నచ్చారు, మర్యాదగా మాట్లాడారు. తను మాత్రం వెనక్కి వెళ్లి చూసొచ్చి, కట్టుబడి జరుగుతున్న సైటు దగ్గర గొలుసేసి కాపలాకి ఉంచుతారట అని చెప్పింది. బాల్కనీకి గ్రిల్ ఉందా, ఇల్లు మారితే ఏం చేస్తారు, తిరపతి వెళ్తే నాలుగు రోజులు ఎవరు చూస్తారు అని పెళ్లి సంబంధానికి కూడా ఎవరూ అడగనన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే వీధిలో వదలకుండా షెల్టర్‌కే తిరిగివ్వాలన్నది దత్తత కాగితంలో మొదటి షరతు.

చివరికి సంబంధం తెచ్చింది మా వీధి ఊడ్చే కార్పొరేషన్ అక్క. వాళ్ల తాతల కాలంలో ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. అరవం రాని మా అమ్మకి పొద్దున్నే తెలుగు మాటలు దొరికేది ఈ అక్క దగ్గరే. రోజూ రాగి కుంటుతూ నడవడం చూస్తుండేది. వాళ్ల చెల్లెలు పెరంబూరులో పనిచేసే ఇంట్లో ముసలి కుక్క పోయి ఏడాదైందని, ఆ అమ్మగారు ఇంకా దాని గిన్నె కడిగి బోర్లిస్తుందని చెప్పింది. కింది పోర్షన్, రెండే మెట్లు, వెనకాల మునగచెట్టు. కాలికి ప్లేట్ ఉన్న పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి? హోమ్ చెక్ చెల్లి అడిగిన ప్రశ్నలన్నింటికీ పెద్దాయన జవాబులు చెప్పి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి తన ప్రశ్నలు మొదలుపెట్టారట. టీకా తేదీలు, పిడుదుల మందు ఎన్నాళ్లకోసారి, చలికి ప్లేట్ నొప్పి పెడుతుందా అని. చెల్లి ఫోన్ చేసి "పాసక్కా, నేనే ఫెయిలయ్యేదాన్ని" అంది.

అక్కడ కూడా మొదటి మూడు రోజులు మంచం కింద నుంచి రాలేదట. ఇప్పుడు పొద్దున పాలకి పెద్దాయన వెంట వెళ్తోంది. నిన్న వీడియోలో నా గొంతు విని చెవులు నిక్కించి, కాసేపు ఫోన్ వాసన చూసి, మునక్కాయ తొక్క కోసం వెళ్లిపోయింది.

"ఎలా ఇచ్చేయగలిగావు?" అని కొందరు అడిగారు. ఏడ్చే ఇచ్చాను. ఉంచేసుకుంటే మా ఇంట్లో ఉన్న ఒక్క చోటూ నిండిపోయేది, వచ్చే వానలకి షెల్టర్ వాళ్లు ఇంకో ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చేది.

డబ్బు పంపిన వాళ్లకి బిల్లుల ఫొటోలన్నీ పంపాను, అందకపోతే చెప్పండి. మిగిలింది మీ అందర్నీ అడిగాకే షెల్టర్ టీకాల ఖర్చుకి ఇచ్చాను. క్రేటు, కోను వేళచ్చేరిలో ఇంకో ఫోస్టర్ ఇంటికి వెళ్లాయి. నాలుగో ఫ్లోరు వాళ్ల రెండు దుప్పట్లు, సెక్రటరీ గారింటి స్టీలు బేసిన్, ఎవరిదో తెలియని నీలం గళ్ల తువ్వాలు ఉతికి పెట్టాను. సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను, వచ్చి తీసుకెళ్లండి. ఆటో అన్నా, మీ రెయిన్‌కోటు కూడా ఇక్కడే ఉంది.