కొత్త కవర్‌తో పత్రిక అమ్ముడుపోవడం లేదు: నల్లగొండ ఏజెంటు ఫిర్యాదు

సర్క్యులేషన్ మేనేజర్ గారికి,
వ్యవసాయ మాసపత్రిక, హైదరాబాద్.

విషయం: జూన్ సంచిక నుంచి మార్చిన కవర్, పెంచిన ధర, వెనక్కి తీసుకోని కాపీల గురించి.

అయ్యా,

నల్లగొండ బస్టాండు దగ్గర మీ పత్రికకు ఏజెంటును. నకిరేకల్, హాలియా, దేవరకొండ దుకాణాలకు కూడా మా దగ్గర్నుంచే కట్టలు పోతాయి. జూన్ నుంచి మీరు ధర 25 రూపాయల నుంచి 50 చేశారు, కవర్ పూర్తిగా మార్చేశారు. ధర పెంచినందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. కాగితం, ప్రింటింగ్ ఎంత పిరమయ్యాయో నాకూ తెలుసు. పురుగుమందు డబ్బాకు వేలు పెట్టే రైతు పనికొచ్చే పత్రికకు 50 పెట్టలేడని నేను అనను. కానీ ఆ 50 దేనికి ఇవ్వాలో మీ కవర్ చెప్పడం లేదు. నా ఫిర్యాదు అక్కడే.

దుకాణంలో పత్రికలు ఎలా పెడతామో మీ డిజైన్ వాళ్లు ఒక్కసారి వచ్చి చూడాల్సింది. తాళ్లు కట్టి, క్లిప్పులతో వరుసలుగా వేలాడదీస్తాం. పై వరుస పత్రిక సగాన్ని కింది వరుస కప్పేస్తుంది కాబట్టి ఒక్కోదానికి పైనున్న మూడు నాలుగు అంగుళాలే బయటికి కనబడతాయి. ఏ పత్రికైనా పేరును నెత్తి మీద, పెద్దక్షరాల్లో వేసుకునేది అందుకే. మీరేమో పేరును సన్నటి అక్షరాల్లో అట్టడుగుకు, బార్‌కోడ్ పక్కకు దించారు. పైనంతా నీలి ఆకాశం, దాని నడుమ చిన్న డ్రోన్. మా తాడు మీద మీ పత్రిక అంటే ఆకాశం ముక్క, అంతే. ఏళ్లుగా కొనే పెద్దమనిషి ఒకాయన "ఈ నెలది ఇంకా రాలేదా?" అని అడిగి వెళ్లిపోతుంటే, పత్రిక ఆయన భుజం పక్కనే వేలాడుతోంది.

ఇంకో కుర్రాడు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "వెంచర్ బ్రోచరా అన్నా, ఊరికే ఇస్తారా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ అతని తప్పేం లేదు. ధర ఎక్కడుందో వెతకడానికి నాకే కళ్లద్దాలు కావాల్సి వచ్చింది.

పోయినేడు ఆగస్టు సంచిక గుర్తుందా? కవర్ నిండా ఒకే ఒక్క బత్తాయి కాయ. కాయకు సూదితో పొడిచినంత రంధ్రం, దాని చుట్టూ మెత్తబడి రంగు మారిన మచ్చ. "కాయ రాలుతోందా?" అని ఎర్రక్షరాలు, కింద రసం పీల్చే రెక్కల పురుగు ఫోటో, ఏ పేజీలో ఉందో నంబరు, మూలన పసుపు గుండ్రంలో 25 రూపాయలు. చూడ్డానికి అందంగా లేదు, ఒప్పుకుంటాను. కానీ బత్తాయి తోటలున్న జిల్లా ఇది. బస్సు దిగిన రైతు ఆ మచ్చను తన తోటలో అప్పటికే చూసి ఉన్నాడు. బేరం లేదు, ప్రశ్న లేదు, డబ్బులిచ్చి తీసుకుపోయాడు. పత్తిలో గులాబీ రంగు పురుగు మీద వేసిన సంచిక కూడా అంతే. కాయ చీల్చి లోపలి పురుగును చూపించారు, కట్ట కట్టే అయిపోయింది.

మా దగ్గర అన్ని రకాల పత్రికలూ ఉంటాయి. వాటిని చూస్తూనే ఈ మాట అంటున్నాను. ఇళ్ల అలంకరణ మీద వచ్చే ఇంగ్లీషు పత్రికల కవర్ మీద ఒక కుర్చీ, చుట్టూ ఖాళీ తప్ప ఏమీ ఉండదు. కొనేవాళ్లు లోపల ఏముందని అడగరు, ధర కూడా చూడరు. కవర్ ఎంత ఖాళీగా ఉంటే అంత ఖరీదైందని వాళ్ల లెక్క. గ్రూప్-2కు చదివే పిల్లల మాసపత్రిక దానికి పూర్తిగా వ్యతిరేకం. గోరు పెట్టే సందు ఉండదు. కరెంట్ అఫైర్స్, మోడల్ పేపర్లు, బిట్ బ్యాంకు ఉచితం, అన్నీ కవర్ మీదే. ఇంట్లో పంపిన డబ్బుతో రూమ్‌లో ఉండి చదువుకునే పిల్లాడు తన డబ్బుకు ఎంత వస్తుందో లెక్క చూసుకుని కొంటాడు. మా రైతు కొనేదీ ఆ పద్ధతిలోనే. ధర రెండింతలైనప్పుడు కవర్ మీద ఇంకో రెండు పంటల పేర్లు ఎక్కువ కనబడాలి. మీరు ఉన్నవి కూడా తీసేశారు.

డ్రోన్లు, ట్రాక్టర్ల కంపెనీల ప్రకటనల కోసం ఈ కవర్ చేయించారని విన్నాను. అదే నిజమైతే కాపీలు వాళ్లకే పంపండి, ఆఫీసులో టీపాయ్ మీద బాగుంటుంది.

ఇక మ్యాట్ లామినేషన్. పైవైపు మాత్రమే వేశారు. వాన గాలికి లోపలి వైపు కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది, ప్లాస్టిక్ పొర సాగదు. దాంతో కవర్ బయటికి చుట్టుకుపోతోంది. వచ్చిన వారానికే పాత సరుకులా కనబడుతోంది. పైగా పాలిథిన్ కవర్‌లో పెట్టి మూసేశారు. రైతు ముందు "ఈ నెల పనులు" పేజీ తిరగేసి, తన పంట ఉంటేనే కొంటాడు. ఇప్పుడు ఆ వీలు లేదు. నేను పాలిథిన్ చించి చూపిస్తే ఆ కాపీని మీరు వెనక్కి తీసుకోరు. ఇదివరకు అమ్ముడుపోని కాపీలకు పేరున్న పైముక్క చించి పంపితే లెక్కలో తగ్గించేవారు. ఇప్పుడు పేరు కింద ఉంది, లామినేషన్ తిన్నగా చినగదు, కాబట్టి మొత్తం కాపీలే మా ఖర్చుతో పంపాలట. ఇది ఎక్కడి న్యాయం?

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి "జిల్లా పాఠకులకు మంచి డిజైన్ అలవాటు కావడానికి టైమ్ పడుతుంది" అన్నారు. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 1922లోనే నీలగిరి పత్రిక పెట్టింది ఈ జిల్లాలోనే. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు పక్కనున్న పాలమూరు మనిషి. ఇక్కడివాళ్లకు పత్రిక చూడ్డం ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నదాత మాసపత్రిక ఆగిపోయాక మా దగ్గర దాన్ని కొనేవాళ్లలో చాలామంది మీ పత్రికకు మారారు. వాళ్లను ఇప్పుడు మీరే పోగొట్టుకుంటున్నారు. లోపలి సరుకు బాగుంది, భూసార పరీక్ష మీద జూన్‌లో వేసిన వ్యాసం నేనే నలుగురికి చదివి వినిపించాను. కవర్ చూసి ఎవరూ అక్కడిదాకా రావడం లేదు.

పేరును మళ్లీ పైకి తెండి. ధర కనబడేలా వేయండి. కవర్ మీద ఆ నెల పంట, దాని తెగులు ఉండాలి. వెంటనే మార్చడం కుదరకపోతే ప్రతి కట్టలో పాలిథిన్ లేని చూపుడు కాపీ ఒకటి పెట్టండి. జూన్, జులై మిగులు కాపీల లెక్క దీనితో జతచేశాను, మొత్తం క్రెడిట్ ఇవ్వాలి. అది వచ్చేదాకా నా ఆర్డరు సగానికి తగ్గించి పంపండి. హాలియా, దేవరకొండ దుకాణాలకు వచ్చే నెల కట్టలు పంపొద్దు, "మేం తీసుకోం" అన్నారు వాళ్లు.

ఇట్లు,
మీ ఏజెంటు,
నల్లగొండ.