స్కానర్ సెట్టు వేడెక్కుతోందా? పోయిన వేసవిలో మేం బిగించిన బోర్డులు వెనక్కి తెండి

విజయనగరం, శ్రీకాకుళం నుంచి మా దగ్గరికి చేతి స్కానర్లు (రేడియో సిగ్నళ్లని వెతికి వినిపించే సెట్లు) రిపేరుకి తెచ్చే హామ్ (అభిరుచి రేడియో) మిత్రులకు ముందుగా ఒక మాట. పోయిన వేసవిలో, సెట్టు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోందని తెచ్చినవాటిలో కొన్నింటికి లోపల వోల్టేజీని తగ్గించి నిలకడగా ఉంచే రెగ్యులేటర్ తీసేసి, దాని చోట చిన్న బక్ కన్వర్టర్ బోర్డు (కరెంటుని వేగంగా ఆపుతూ వదులుతూ వోల్టేజీ తగ్గించేది) పెట్టాం. వేడి తగ్గింది, నిజమే. కానీ ఆ బోర్డు స్విచింగ్ రొద రిసీవర్‌లోకి దూరింది. 145.800 మెగాహెర్ట్జ్ మీద స్పేస్ స్టేషన్ వినేవాళ్లకి బలహీనమైన సిగ్నల్ రొదలో కలిసిపోతోంది, ఒక్కోసారి స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొదని వినపడకుండా ఆపేది) దానంతటదే తెరుచుకుంటోంది. తప్పు మాదే. ఆ బోర్డులు ఉచితంగా తీసేసి మళ్లీ రెగ్యులేటరే వేసిస్తాం.

మరి వేడి సంగతి? దాన్ని పెట్టె బయటే తగ్గించాలి. 12 వోల్టుల ఎడాప్టర్ పెడితే, లోపల 5 వోల్టుల రెగ్యులేటర్ మిగిలిన 7 వోల్టులనీ వేడిగా మార్చేస్తుంది. సెట్టు 250 మిల్లీ ఆంపియర్లు తాగితే అది 1.75 వాట్లు. గాలి ఆడని ప్లాస్టిక్ డొప్పలో, రోహిణీకార్తె ఉక్కలో, ఆ వేడి ఎక్కడికి పోతుంది? అదే సెట్టుకి 7.5 వోల్టుల రెగ్యులేటెడ్ ఎడాప్టర్ ఇస్తే 0.6 వాట్ల దగ్గర ఆగుతుంది. అయితే అన్ని సెట్లూ అంత తక్కువ వోల్టేజీ తీసుకోవు. పిన్ను మధ్యది ప్లస్సా మైనస్సా అన్నది కూడా సెట్టుని బట్టి మారుతుంది. సాకెట్ పక్కన రాసింది చూడకుండా ఎడాప్టర్ మార్చకండి.

దీనికన్నా ఎక్కువ నష్టం చేసేది సెల్లుల్ని సెట్టు లోపలే ఉంచి పెట్టే చార్జింగ్. ఇప్పటిదాకా "రాత్రంతా పెట్టి వదిలేయండి" అని మేమే చెప్పేవాళ్లం. ఇకమీదట చెప్పం. చవక సెట్లలో చాలావాటికి సెల్లు నిండిందో లేదో తెలియదు, టైమర్ మాత్రమే ఉంటుంది. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల నాలుగు నికెల్ (మళ్లీ మళ్లీ చార్జ్ చేసే) సెల్లుల్ని 200 మిల్లీ ఆంపియర్లతో నింపడానికి 14 నుంచి 16 గంటలు కావాలి. సగం నిండిన సెల్లులకీ ఆ టైమర్ అన్ని గంటలే నడుస్తుంది. పైగా కరెంటు పోయి వస్తే చాలా సెట్లలో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నిండాక వెళ్లే కరెంటంతా వేడే, నాలుగు సెల్లులకీ కలిపి 1.1 వాట్ల దాకా. సెల్లులు తీసి, ఒక్కో సెల్లుని విడిగా చూసుకుని తనే ఆగిపోయే చార్జర్‌లో పెట్టండి. సెల్లుల అరలో ఆల్కలైన్, నికెల్ అని చిన్న స్విచ్ ఉన్న సెట్టయితే, చార్జింగ్ పనికిరాని మామూలు ఆల్కలైన్ సెల్లులు వేసి స్విచ్‌ని నికెల్ వైపు ఉంచి చార్జింగ్ పెట్టడం ప్రమాదం. సెల్లు కారుతుంది, పగలొచ్చు కూడా.

వేడి ఎక్కడినుంచి వస్తోందో వేలితోనే తెలుసుకోవచ్చు. వెనక కింది భాగమైతే సెల్లులు. సాకెట్ పక్కనైతే రెగ్యులేటర్. డిస్‌ప్లే వెనకైతే ప్రాసెసర్, డిజిటల్ వాయిస్ విప్పుతున్నప్పుడు అక్కడ కొంత వెచ్చదనం మామూలే. అనుమానంగా ఉంటే సెల్లులు తీసి ఎడాప్టర్ మీద అరగంట, చల్లారాక ఎడాప్టర్ తీసి సెల్లుల మీద అరగంట నడిపి చూడండి. తోలు కవరు తీసేయండి, లైటు ఎప్పుడూ వెలిగేలా పెట్టకండి. స్క్వెల్చ్ తెరిచి వదిలేస్తే ఆడియో భాగానికి విశ్రాంతి ఉండదు.

కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చే సెట్లకి ఇంకో బాధ. ఉప్పుగాలికి సెల్లుల స్ప్రింగు మొదలు దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. అక్కడ అర ఓము అడ్డు పెరిగితే స్కానర్‌లో పెద్దగా తెలియదు. వాకీటాకీలో మాత్రం, మాట్లాడేటప్పుడు ఆంపియరున్నర లాగితే, ముప్పావు వోల్టు అక్కడే పోయి స్ప్రింగులో ఒక వాట్‌కి మించిన వేడి పుడుతుంది. ఉప్పుకాగితంతో రుద్దకండి, పూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన దూదిపుల్లతో తుడవండి. ఆల్కలైన్ సెల్లు కారిన తెల్లటి పొక్కు ఉంటే ముందు ఒకటి రెండు చుక్కల వెనిగర్, తర్వాత ఆల్కహాల్.

చల్లబరుద్దామని ఫ్రిజ్‌లో పెట్టినవీ, వెనక డొప్పకి చిల్లులు పొడిచినవీ మా బల్ల మీదికి వస్తున్నాయి. దయచేసి రెండూ వద్దు. ఫ్రిజ్‌లోంచి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. చిల్లుల్లోంచి దుమ్ముతోపాటు ఉప్పుగాలీ దూరుతుంది.

బోర్డు మార్పించుకోవడానికి వచ్చేవాళ్లు మీరు రోజూ వాడే ఎడాప్టర్ కూడా తెండి, లోడు మీద దాని వోల్టేజీ కొలిచి చెప్తాం. లైసెన్సు కాపీ ఎప్పటిలాగే కావాలి. కొరియర్‌లో పంపేవాళ్లు సెల్లులు తీసేసి పంపండి.