మంత్రి గారూ, ఆ చింతగింజలు దాచాల్సిన పని లేకుండా చూడండి

రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను పరకాల దగ్గర ఒక ఊళ్లో ఉంటాను. ముప్ఫై ఏళ్లు సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఒకటో తరగతికే చెప్పాను. ఇప్పుడు నా మనవరాలిని రోజూ అంగన్‌వాడీకి తీసుకుపోయేది నేనే.

మొన్న వానాకాలంలో ఒకరోజు అక్కడే కాసేపు ఆగాను. నలుగురు పిల్లలు చాప మీద చింతగింజలు పంచుకుంటున్నారు. ముగ్గురికి ఐదేసి వచ్చాయి, ఒకడికి నాలుగే. వాడు అలిగి మూలకు పోయాడు. నా మనవరాలు అందరివీ కుప్ప పోసి మళ్లీ పంచింది. తలా నాలుగు పోగా మూడు మిగిలాయి. అవి ఎవరికియ్యాలని పెద్ద పంచాయితీ! టీచరమ్మ పక్కనే కూర్చుంది కానీ తీర్పు చెప్పలేదు, వాళ్లనే ఆలోచించుకోనిచ్చింది. అంత ఓపిక ఎంతమందికి ఉంటుంది?

అంతలో బయట బండి ఆగింది. టీచరమ్మ గబగబా గింజలన్నీ చాప కిందికి తోసి, అక్షరాల చార్టు పట్టుకుంది. పిల్లలు చేతులు కట్టుకున్నారు. వచ్చిన సూపర్‌వైజర్ రిజిస్టర్లు, గుడ్ల లెక్క, బరువులు, ఫోన్‌లో ఎంట్రీలు చూసుకుని వెళ్లిపోయారు. పిల్లలు ఏం ఆడారని అడగలేదు. ఆమెను తప్పు పట్టను. పైనుంచి ఆమెనూ ఎవరూ అది అడగరు కదా.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా చూసింది. 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆ దశలో చదువుకు ఆటే పునాది అంది. కాగితం మీద లోటు లేదు. దాన్ని చాప దాకా తేవాల్సింది సూపర్‌వైజర్లే. ఒక్కొక్కరి కింద 25 దాకా కేంద్రాలుంటాయి. వాళ్లు తనిఖీకి కాకుండా తోడుగా వస్తే టీచర్లకు ధైర్యం వస్తుంది.

ఒకటో తరగతికి వచ్చే పిల్లల్లో అక్షరాలన్నీ అప్పజెప్పి, పెన్సిల్ పట్టుకోలేక ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను. అచ్చనగండ్లు ఆడిన వేళ్లకు ఆ కష్టం తక్కువ. బతుకమ్మకు తంగేడు, గునుగు వేరు చేసిన పిల్లకు రంగులూ వరుసలూ వేరే నేర్పక్కర్లేదు. ఇది తల్లులకు చెప్పేవాళ్లు లేకనే ఊళ్లలోకి ఎల్‌కేజీ వ్యాన్లు వస్తున్నాయి.

అందుకే అడుగుతున్నాను. సూపర్‌వైజర్ రిజిస్టర్ తెరిచే ముందు అరగంట పిల్లల మధ్య కింద కూర్చోవాలని ఆదేశం ఇవ్వండి. తనిఖీ ఫారంలో ఈ రోజు పిల్లలు ఏం ఆడారు, ఏం మాట్లాడుకున్నారు అనే ప్రశ్న చేర్చండి. నెలవారీ మీటింగుల్లో మొదటి గంట టీచర్లు తమ ఆటలు ఒకరికొకరు చూపించుకోవడానికే ఉంచండి. ఆటల ట్రైనింగ్ టీచర్ల కంటే ముందు సూపర్‌వైజర్లకు, వాళ్ల పై అధికారులైన సీడీపీఓలకు ఇప్పించండి.

ఆ రోజు సూపర్‌వైజర్ వెళ్లేసరికి అన్నం వేళయింది. మూడు గింజల పంచాయితీ తేలనే లేదు.

ఇట్లు
ఒక రిటైర్డ్ టీచర్,
పరకాల మండలం, హనుమకొండ జిల్లా