లోమో సాల్తాదోకు మూత పెట్టకండి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పెరూ బీఫ్ వంటకం లోమో సాల్తాదో తయారీ చూశాం. అన్నీ ఒకేసారి బాణలిలో వేసి, మూతపెట్టి 15 నిమిషాలు మగ్గించమన్నారు. అలా చేస్తే వచ్చేది బీఫ్ కూర. సాల్తాదో అంటేనే ఎగరేసి వేయించినది. 1849 నుంచి పెరూకు కూలిపనికి వెళ్లిన చైనీయుల మూకుడు పనితనం అది. సోయా సాస్‌ను అక్కడ ఇప్పటికీ ‘సియ్యావ్’ అనే అంటారు, కాంటనీస్ నుంచి వచ్చిన మాట.

నలుగురికి అరకిలో అండర్‌కట్ (నడుము దగ్గరి మెత్తని మాంసం) చాలు. పీచుకు అడ్డంగా, చిటికెనవేలి మందాన కోయాలి. మరీ సన్నగా కోస్తే బయట రంగు తిరిగేలోపే లోపల ఉడికి గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి 20 నిమిషాలు బయట ఉంచి, పొడిగుడ్డతో తడి అద్దేయాలి. మిరియాల పొడి, చిటికెడు జీలకర్ర పొడి, కొద్దిగా ఉప్పు పొయ్యి మీద వేసే ముందు మాత్రమే పట్టించాలి. ఉప్పు పట్టించి పక్కన పెడితే నీరు ఊరుతుంది. సోయా సాస్‌లోనూ ఉప్పుంటుందని మరవకూడదు.

అసలు చిక్కంతా మంట దగ్గరే. ఇంటి స్టవ్ మీద అరకిలో ఒక్కసారే వేస్తే మూకుడు చల్లబడిపోతుంది, మాంసం నీరు వదిలి ఆ నీళ్లలోనే ఉడుకుతుంది. చెవికే తెలుస్తుంది: చుర్రుమనాల్సింది బుడబుడమంటోందంటే చెడినట్టే. అందుకే రెండు విడతలు. ఇనుప మూకుడు పొగలు కక్కేదాకా కాల్చి, చెంచా నూనె వేసి, పావుకిలో ముక్కలు పరిచి 40 సెకన్లు కదపకూడదు. తర్వాత ఎగరేసి ఇంకో అరనిమిషం ఉంచి పళ్లెంలోకి తీయాలి. మూకుడు మళ్లీ పొగలు వచ్చాకే రెండో విడత.

దాన్నీ పళ్లెంలోకి తీశాక ఆ మూకుడులోనే 2 ఎర్ర ఉల్లిపాయలు, ఒక్కోటి 8 చీలికలుగా, ఒక నిమిషం. తరిగిన 3 వెల్లుల్లి రెబ్బలు, అహీ అమరీయో అనే పెరూ పసుపు మిరప ఒకటి వేసి మరో 20 సెకన్లు. ఆ మిరప దొరక్కపోతే పసుపు క్యాప్సికం, ఒక పండుమిరప కలిపి వేయవచ్చు, రుచి మాత్రం అదే కాదు. ఇప్పుడు 3 పెద్ద చెంచాల సోయా సాస్, 2 పెద్ద చెంచాల రెడ్ వైన్ వెనిగర్ మూకుడు అంచు వెంట పోయాలి, నడిమధ్యన కాదు. ఎర్రగా కాలిన అంచుకు తగిలి చుయ్‌మంటేనే ఆ పొగవాసన. మాంసాన్ని ఊరిన రసంతో సహా వేసి, గింజలు తీసిన 2 టమాటాల ముక్కలు కలిపి అరనిమిషంలో దించేయాలి. టమాటా వేడెక్కాలే గానీ కరగకూడదు. పైన కొత్తిమీర.

కార్న్‌ఫ్లోర్ ఎందుకు చేర్చారో అర్థం కాలేదు. ఆ రసం పలచగానే ఉండాలి, అన్నంలోకి ఇంకేందుకే అది.

బంగాళదుంపలు సెంటీమీటరు మందాన కోసి, 150 డిగ్రీల నూనెలో 5 నిమిషాలు, చల్లారాక 190 డిగ్రీల్లో మరో 2 నిమిషాలు వేయించాలి. మీరు వాటినీ మాంసంతోపాటే మగ్గించమన్నారు, అక్కడే ముద్దయిపోతాయి. కొందరు పైన వేస్తారు, కొందరు కలిపేస్తారు. ఏదైనా వడ్డించే క్షణంలోనే.

వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

– ఇద్దరు పాఠకులు