శాతం చెబితే చాలదు, లాట్‌తో పాటు కాగితం రావాలి

సంపాదకునికి,

రీసైకిల్డ్ ప్లాస్టిక్ వాడకం పెంచాలనే చర్చ ఎప్పుడు జరిగినా ‘ఎంత శాతం కలపాలి’ అన్న దగ్గరే ఆగిపోతోంది. ఎవరైనా కలపకపోతే లాభం చూసుకుంటున్నారనో, మొరాయిస్తున్నారనో మాట పడుతుంది. యంత్రం దగ్గర అసలు అడ్డంకి వేరు. వర్జిన్, అంటే ఇంతకు ముందు వాడని కొత్త ప్లాస్టిక్ గింజలు ఏ బస్తా విప్పినా దాదాపు ఒకేలా కరుగుతాయి. రీసైకిల్డ్ గింజలు ఈ లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) ఒకలా, వచ్చే లాట్ ఇంకోలా కరుగుతాయి. ఆ తేడాను ముందే చెప్పే పరీక్షా నివేదిక చేతిలో ఉంటే చాలా వస్తువుల్లో 30 శాతం కలపడం అసాధ్యమేమీ కాదు. లేకపోతే 5 శాతం కూడా జూదమే.

ఆ నివేదికలో మొదట ఉండాల్సింది మెల్ట్ ఫ్లో, అంటే ఎంఎఫ్ఐ. నిర్ణీత వేడి దగ్గర, నిర్ణీత బరువు కింద, 10 నిమిషాల్లో ఎన్ని గ్రాముల ప్లాస్టిక్ సన్నని రంధ్రం గుండా దిగుతుందో చెప్పే అంకె ఇది. పీపీకి (పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కి) 230 డిగ్రీల సెల్సియస్, పాలిథిలీన్‌కి 190 డిగ్రీలు, మామూలుగా 2.16 కిలోల బరువు. సీసా అడుగున త్రికోణంలోని 2 అంకె చూసి ‘అంతా హెచ్‌డీపీఈయే (ఎక్కువ సాంద్రత ఉన్న పాలిథిలీనే) కదా’ అని కలిపేస్తేనే చిక్కు. ఊదిన డబ్బాల గ్రేడ్‌లో ఎంఎఫ్ఐ సాధారణంగా 1 లోపే ఉంటుంది. క్రేట్లు, బకెట్ల ఇంజెక్షన్ గ్రేడ్‌లో 5 నుంచి 20 దాకా ఉంటుంది. రెండూ కలిసిన గింజలతో డబ్బా ఊదబోతే, డై నుంచి గొట్టంలా దిగే మెత్తటి ప్లాస్టిక్ తన బరువుకే సాగిపోతుంది. పైగోడ పలచబడుతుంది, డబ్బా కింద పడగానే అక్కడే పగులుతుంది. త్రికోణంలోని అంకె ప్లాస్టిక్ జాతిని చెబుతుందే తప్ప గ్రేడ్‌ను చెప్పదు.

కలిపాక వచ్చే ఎంఎఫ్ఐని మామూలు సగటుతో లెక్కించకూడదు, లాగరిథమ్‌ల సగటు తీయాలి. ఎంఎఫ్ఐ 10 ఉన్న వర్జిన్ పీపీ 70 శాతం, 30 ఉన్న రీసైకిల్డ్ పీపీ 30 శాతం కలిపితే 16 కాదు, సుమారు 14 వస్తుంది. తరువాతి లాట్ 30కి బదులు 60 అయితే మిశ్రమం 17కి చేరుతుంది. అప్పుడు అదే ప్రెషర్ దగ్గర మౌల్డ్ అంచుల్లోంచి ప్లాస్టిక్ పొంగి ఫ్లాష్ వస్తుంది, ఆపరేటర్ షిఫ్టంతా సెట్టింగులు మారుస్తూ కూర్చుంటాడు. పీపీ ప్రతిసారి కరిగినప్పుడల్లా అణు గొలుసులు తెగి ఎంఎఫ్ఐ పెరుగుతూ పోతుంది కాబట్టి, రీసైక్లర్ గింజలు తీసేటప్పుడే 0.1 నుంచి 0.2 శాతం యాంటీ ఆక్సిడెంట్ కలపడం మేలు. ఇక్కడ మిగిల్చిన ఖర్చు తరువాత విరిగిన ముక్కల్లో లెక్క తేలుతుంది.

రెండోది సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్. శుభ్రమైన పీపీ సాంద్రత 0.90 దగ్గర, హెచ్‌డీపీఈ 0.95 దగ్గర ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్‌లను వేరుచేసే నీటి తొట్టిలో రెండూ తేలతాయి. 20 శాతం సుద్ద కలిసిన పీపీ 1 దాటి మునుగుతుంది. తొట్టి సరిగా నడవని చోట ఆ ముక్కలు కూడా గింజల్లోకి వస్తాయి. సాంద్రత పెరిగితే అదే మౌల్డ్‌లో ఒక్కో వస్తువు బరువు పెరుగుతుంది. కిలోల లెక్కన కొని ముక్కల లెక్కన అమ్మేవారు ఈ నష్టాన్ని ఆలస్యంగా గమనిస్తారు. కొన్ని గ్రాముల గింజలను మఫుల్ ఫర్నేస్ అనే కొలిమిలో 600 డిగ్రీల దగ్గర కాల్చి మిగిలిన బూడిదను తూచితే గుట్టు బయటపడుతుంది.

నీటి తొట్టి చేయలేని పని ఇంకొకటి ఉంది. పీపీ, హెచ్‌డీపీఈ రెండూ తేలేవే కాబట్టి పీపీ మూతలు హెచ్‌డీపీఈ సీసాలతోనే వెళ్లిపోతాయి. కొద్ది శాతం దాటిందంటే రెండూ సరిగా కలవక, దెబ్బ తట్టుకునే బలం పడిపోతుంది. వేడి చేస్తూ ఏ డిగ్రీ దగ్గర కరుగుతుందో చూపే డీఎస్సీ పరీక్షలో 130 దగ్గర ఒకటి, 160 దాటాక ఇంకొకటి కరిగే శిఖరాలు కనిపిస్తే పీపీ ఉన్నట్టే. పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), పీవీసీ (పైపుల ప్లాస్టిక్) జంటది ఇంకా కష్టం. రెండూ మునిగేవే, సాంద్రతలూ దగ్గర దగ్గరే. పెట్ కరగడానికి 250 డిగ్రీలు దాటాలి, పీవీసీ అంతకు ముందే విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. పీవీసీ పీపీఎంలలో (పది లక్షల్లో కొన్ని వంతులు) ఉన్నా చాలు, పెట్ పసుపెక్కుతుంది, నల్ల చుక్కలు పడతాయి. ఫ్లేక్స్ (సీసాలను తరిగిన చిన్న ముక్కలు) నమూనాను 220 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచితే పీవీసీ ముక్కలు గోధుమ, నలుపు రంగుకి తిరుగుతాయి. వాటిని ఏరి తూచవచ్చు. ఓవెన్‌కి గాలి బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి.

పెట్ విషయంలో తేమ అన్నిటికంటే పెద్ద శత్రువు. ఫ్లేక్స్‌ను ముందు స్ఫటికీకరించి (వేడిచేసి అణువులు క్రమంగా అమరేలా చేసి), 160-170 డిగ్రీల పొడిగాలిలో 4 నుంచి 6 గంటలు ఆరబెట్టి, తేమను 50 పీపీఎం లోపుకి తేవాలి. డ్రయ్యర్ గాలి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) మైనస్ 40 దగ్గర ఉండాలి. డ్రయ్యర్ సెట్టింగ్ 165 చూపిస్తున్నా గాలిలో తేమను పీల్చే డెసికెంట్ అలసిపోతే లాభం లేదు. తేమ, వేడి కలిసి అణు గొలుసులను తెంచేస్తాయి, గొలుసుల పొడవును సూచించే ఐవీ పడిపోతుంది, సీసా పెళుసవుతుంది. స్ఫటికీకరణ దాటేసి నేరుగా ఆరబెడితే ఫ్లేక్స్ గడ్డకట్టి హాపర్ మూసుకుపోతుంది. ఆహారం తాకే వస్తువుల సంగతి వేరే: అనుమతి పొందిన శుద్ధి ప్రక్రియ నుంచి వచ్చిన పదార్థం తప్ప ఇంకేదీ అందులో కలపకూడదు.

రంగు, వాసనల గురించి ఒక్క మాట. రీసైకిల్డ్ గింజల్ని తెల్లగా చేయాలని టైటానియం డయాక్సైడ్ మీద డబ్బు పోసేకన్నా, కనిపించని భాగాలకు, మూడు పొరల డబ్బాల్లో మధ్య పొరకు వాడడం తెలివి. నలుపు తప్పదనుకుంటే కార్బన్ బ్లాక్ బదులు సార్టింగ్ యంత్రం కంటికి ఆనే నలుపు పిగ్మెంట్ ఎంచాలి. మామూలు కార్బన్ బ్లాక్ వస్తువును ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ గుర్తించలేదు, అది మళ్లీ తుక్కులోకే పోతుంది.

ట్రయల్ చేసే పద్ధతిలోనూ లోపం ఉంది. ఒక లాట్ తెచ్చి, ఒక పూట నడిపి ‘పనికొచ్చింది’ లేదా ‘పనికిరాలేదు’ అని తేల్చేస్తారు. ఒకే రోజు, ఒకే మౌల్డ్‌లో ముందు 100 శాతం వర్జిన్, తరువాత 10, 20, 30 శాతం నడపాలి. ప్రతి మార్పుకీ బ్యారెల్ శుభ్రపడేదాకా వచ్చిన ముక్కలు పక్కన పెట్టాలి. ముక్కల్ని వేడిమీద కాకుండా 23 డిగ్రీల దగ్గర 40 గంటలు ఉంచాక బరువు, కొలతలు, కింద పడేసే పరీక్ష చూడాలి. వేర్వేరు తేదీల్లో వచ్చిన మూడు లాట్లతోనైనా నిలిస్తేనే ఆ శాతాన్ని డ్రాయింగులో రాయాలి. కలపడానికి బరువు తూచి వేసే డోసింగ్ వాడాలి. ఫ్లేక్స్ గుల్లగా, గింజలు బరువుగా ఉంటాయి కాబట్టి పరిమాణం లెక్కన వేసే ఫీడర్‌లో 30 అని పెట్టినా యంత్రంలోకి 20 వెళ్లవచ్చు.

ఇంత పరికరాల ఖర్చు చిన్న యూనిట్లు ఒంటరిగా మోయలేవు. కొన్ని యూనిట్లు కలిసి ఒక ఎంఎఫ్ఐ టెస్టర్, ఫర్నేస్, తేమ కొలిచే పరికరం ఉన్న చిన్న ప్రయోగశాల నడపవచ్చు. రీసైక్లర్లు బస్తాకి బస్తా అమ్మకుండా, 10-20 టన్నులు ఒకే సైలోలో తిప్పి కలిపాకే లాట్ నంబర్ వేయాలి. ప్రతి లాట్‌కీ ఎంఎఫ్ఐ, సాంద్రత, బూడిద, తేమ, కరిగినప్పుడు వడకట్టిన జాలి మైక్రాన్లు రాసి ఇవ్వాలి. 5 మిల్లీమీటర్ల గోడకి 200 మైక్రాన్ల చెత్త పట్టింపు కాదు, అర మిల్లీమీటరు గోడకి అదే రంధ్రమవుతుంది. కొనుగోలు చేసే పెద్ద కంపెనీలు తమ స్పెసిఫికేషన్లు తిరగేసి, బలానికి సంబంధం లేని చోట ‘వర్జిన్ మాత్రమే’ అన్న పంక్తిని కొట్టేయాలి. రంగులో కొంత తేడాకి చోటివ్వాలి. తమ మౌల్డ్‌లో మిగిలిన స్క్రాప్‌ని అదే యంత్రంలో తిప్పి వాడుకుని దాన్ని రీసైకిల్డ్ శాతంలో చూపే సరఫరాదారుల లెక్కల్ని అంగీకరించకూడదు. పర్యావరణ ప్రకటనలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14021 ప్రకారం అది లెక్కలోకి రాదు.

ఇట్లు,
ప్లాస్టిక్ ప్రాసెసింగ్ రంగంలో పనిచేస్తున్న కొందరు ఇంజినీర్లు